మీ పిల్లలు 'ఏ లెవెల్' (A Level)‌లో ఫిలిం స్టడీస్ తీసుకుంటామంటే

మా అమ్మాయి ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇయర్ 11లో, అంటే మన పదో తరగతి ఈడులో ఉండగా ఒకరోజు సాయంత్రం స్కూలు నుంచి సబ్జెక్టుల కాగితం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. మాథ్స్, ఎకనామిక్స్ వరకు బాగానే ఉంది, మూడోది ఫిలిం స్టడీస్. మావారు ఆ కాగితం రెండుసార్లు చదివి, "తెనాల్లో మేం క్లాసులెగ్గొట్టి మాట్నీకి వెళ్లిందంతా సిలబస్సేనా అయితే?" అన్నారు. ఫోన్లో మా అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, లండన్ దాకా వెళ్లి పిల్లని సినిమాలకి పంపిస్తున్నారా అని అడిగారు. మేముండేది లండన్‌కి గంట దూరంలో, కానీ ఆవిడకి ఇంగ్లండ్ అంతా లండనే.

ఆ రెండేళ్లూ పక్కన కూర్చున్నాను కాబట్టి, ఇప్పుడు మా ఊళ్లో తెలుగువాళ్లెవరి పిల్లలు ఈ సబ్జెక్టు పేరెత్తినా నాకే ఫోన్ వస్తోంది. ప్రతిసారీ గంట మాట్లాడే బదులు ఒకసారి రాసి పెట్టుకుంటే మేలనిపించింది.

ఊర్లో ఉన్నవాళ్ల కోసం ఒక్క మాట. ఇక్కడ మన ఇంటర్‌లాగా ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని గ్రూపులుండవు. 16 నుంచి 18 ఏళ్ల మధ్య రెండేళ్లు, మామూలుగా మూడు సబ్జెక్టులు, ఏ మూడైనా కలుపుకోవచ్చు, దీన్నే 'ఏ లెవెల్' (A Level) అంటారు. అందులో సినిమా కూడా ఒకటి. ఫిజిక్స్‌కి ఎలా పరీక్ష ఉంటుందో దీనికీ అలాగే ఉంటుంది, A గ్రేడ్ వస్తే యూనివర్సిటీ అడ్మిషన్ లెక్కలో 48 పాయింట్లు, B వస్తే 40, ఫిజిక్స్‌కి ఎన్నో దీనికీ అన్నే.

మొదట స్కూల్‌ని అడగాల్సింది ఏ బోర్డు అని. ఇంగ్లండ్‌లో ఈ సబ్జెక్టుకి ఎడ్యుకాస్, ఓసీఆర్ అని రెండు బోర్డులున్నాయి, నార్తర్న్ ఐర్లండ్‌లో అయితే మూవింగ్ ఇమేజ్ ఆర్ట్స్ అని వేరే పేరుతో ఉంటుంది. కొన్ని స్కూళ్లలో ఏ లెవెల్‌కి బదులు ఉండే ఐబీ డిప్లొమా అనే అంతర్జాతీయ కోర్సులోనూ ఫిలిం ఉంది గానీ దాని లెక్కే వేరు, అక్కడ చివర్లో రాత పరీక్ష ఉండదు. మా అమ్మాయిది ఎడ్యుకాస్, కాబట్టి నేను చెప్పేదంతా 2017లో మొదలైన ఆ సిలబస్ గురించి. బోర్డు సైట్లో మొత్తం సిలబస్ పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. దించుకుని ఒక ఆదివారం కూర్చుని చదవండి, పిల్లలు చదవరు.

అందులో ఉండేది క్లుప్తంగా ఇది: రెండేళ్లలో 11 పూర్తి నిడివి సినిమాలు. రెండు రాత పరీక్షలు, ఒక్కొక్కటి రెండున్నర గంటలు, ఒక్కోదానికి 35 శాతం. మిగతా 30 శాతానికి పిల్లలు సొంతంగా ఒక షార్ట్ ఫిలిం గానీ స్క్రీన్‌ప్లే గానీ చేసి ఇవ్వాలి. మొదటి పేపర్లో పాత హాలీవుడ్ నుంచి రెండు, 2005 తర్వాతి అమెరికన్ సినిమాలు రెండు, 1995 తర్వాతి బ్రిటిష్ సినిమాలు రెండు. రెండో పేపర్లో యూరప్ సినిమా ఒకటి, యూరప్ బయటిది ఒకటి, ఒక డాక్యుమెంటరీ, మూకీ సినిమా, ఒక ప్రయోగాత్మక సినిమా. బోర్డు ఇచ్చిన జాబితాల్లోంచి ఏవి చెప్పాలో టీచర్ నిర్ణయిస్తారు. అందుకే పక్క కాలేజీ పిల్లల నోట్సులు తెచ్చుకుంటే సగం పనికిరావు.

సినిమాల వయసు సర్టిఫికెట్ సంగతి ముందే చూసుకోండి. జాబితాలో 15 సర్టిఫికెట్‌వి ఉన్నాయి, 18వి కూడా ఉన్నాయి. మా ఇంట్లో ఏమైందంటే, మా అత్తగారు వేసవికి వచ్చినప్పుడు "పిల్ల చదువుకునే సినిమా కదా, మనమూ చూద్దాం" అని అందరం హాల్లో కూర్చున్నాం, పది నిమిషాలకి మావారు రిమోట్ కోసం సోఫా సందుల్లో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ సినిమాలన్నీ పిల్ల గదిలోనే.

చూడటం ఎలా

ఈ సబ్జెక్టులో మార్కులు పోయేది ఇక్కడే. మన పిల్లలు సినిమా చూడటం పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనే కాబట్టి దాన్ని చదువనుకోరు, ఒకసారి చూసి, కథ గుర్తుపెట్టుకుని, పరీక్షలో కథ రాసి వస్తారు. కథ రాస్తే మార్కులు రావు. సినిమా చూసిన ఎగ్జామినర్‌కి మళ్లీ కథ ఎందుకు?

మా అమ్మాయికి మొదటి టర్మ్‌లో డీ వచ్చింది. అప్పుడు వాళ్ల టీచర్ చెప్పిన పద్ధతి ఇది, దీనికి నేనే సాక్షిని. మొదటిసారి మామూలుగా, ఫోన్ పక్కన పెట్టి, ఆపకుండా చూడాలి. అయిపోగానే నోట్‌బుక్‌లో పది లైన్లు, ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది, ఎవరి మీద జాలేసింది. ఇది ఉత్త డైరీలాగా అనిపిస్తుంది గానీ తర్వాత చాలా పనికొస్తుంది, ఎందుకంటే రెండోసారి చూసేది ఆ జాలి ఎందుకేసిందో వెతకడానికే. రెండోసారి నుంచి మొత్తం సినిమా చూడక్కర్లేదు. మూడో నాలుగో సీన్లు ఎంచుకుని, ఒక్కో సీను నాలుగైదు నిమిషాలకి మించకుండా, వాటిని నమిలి మింగాలి.

నమలడం అంటే: నోట్‌బుక్‌లో ఐదు గళ్లు గీసుకోవాలి. మొదటి గడిలో టైము, రెండో గడిలో ఫ్రేమ్‌లో ఎవరు ఎక్కడున్నారు, మూడోది కెమెరా ఎంత దూరంలో ఉంది, కదులుతోందా, నాలుగోది శబ్దం, ఐదోది ఖాళీ. ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడటం, ఇంకోసారి టీవీకి వీపు తిప్పి కూర్చుని వినడం. నేను వంటింట్లోంచి చూస్తే పిల్ల గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుని కూర్చుంది, టీవీలో సినిమా నడుస్తోంది, ఏమైందోనని భయపడ్డాను. "అమ్మా, ఇక్కడ మ్యూజిక్ లేదు తెలుసా, ఉత్త గడియారం శబ్దమే" అంది. ఒక్క నాలుగు నిమిషాల సీనుకి ఆ రోజు ఆమె 60సార్లకి పైగా పాజ్ నొక్కింది. ఆ ఖాళీగా వదిలిన ఐదో గడి చివర్లో నింపాలి: ఇదంతా కలిసి నాకేం చేసింది? మొదటి రోజు పది లైన్ల దగ్గరికి అప్పుడు తిరిగి వెళ్లాలి.

ఎడిటింగ్ అనేది చాలామంది పిల్లలకి కంటికి ఆనదు, కట్ అంటే కట్టే కదా అనుకుంటారు. దానికి ఇంట్లో చేసుకునే ప్రయోగం ఒకటుంది. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన 1920ల ప్రాంతంలో చేసిందానికి ఇది మన వంటింటి వెర్షన్. మావారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఏ భావమూ లేకుండా మొహం పెట్టమని ఫోన్లో పది సెకన్లు తీసింది (ఆయనకి పెద్ద కష్టం కాలేదు). తర్వాత ఆవిర్లు వస్తున్న పప్పు గిన్నె ఒక షాటు, కరెంటు బిల్లు ఒక షాటు, నిద్రపోతున్న మా చిన్నాడిది ఒక షాటు. ఒకే మొహం, మధ్యలో ఒక్కోటి అతికించి మా అత్తగారికి వీడియో కాల్లో చూపిస్తే, మొదటిదానికి "వాడికి ఆకలేస్తోంది, అన్నం పెట్టవే" అన్నారు, రెండోదానికి "పాపం, ఎంత దిగులుపడుతున్నాడో" అన్నారు. ఆ మొహంలో ఏమీ లేదు, అర్థమంతా అతుకులో ఉంది. ఈ ఒక్క ప్రయోగం చేసినవాళ్లు ఎడిటింగ్ ప్రశ్నకి భయపడరు.

రాయడం

ఇండియా నుంచి తొమ్మిదో పదో తరగతిలో వచ్చిన పిల్లలకి ఇంగ్లిష్ వ్యాసం అనగానే టెన్షన్. నిజం చెప్పాలంటే ఇక్కడ గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు, కచ్చితమైన మాటలు కావాలి. క్లోజప్, లో యాంగిల్, ట్రాకింగ్ షాట్, జంప్ కట్, కథలోనే పుట్టే శబ్దానికీ బయటి నుంచి వేసిన శబ్దానికీ ఉన్న తేడా, ఫ్రేమ్‌లో కనిపించే సామాను, బట్టలు, వెలుతురు, మనుషుల అమరిక అన్నిటికీ కలిపి వాడే మిజాన్‌సెన్ అనే ఫ్రెంచ్ మాట. ఇలాంటివి ఓ నలభై యాభై మాటలు నోటికి రావాలి, అదీ చూసిన సీనులో చూపించగలిగేలాగా. ఉత్తగా బట్టీపట్టి వ్యాసంలో చల్లితే పోపులో ఆవాలు ఎక్కువైనట్టుంటుంది.

ఉదాహరణ చెప్తాను. మా అమ్మాయి టీచర్ యూరప్ బయటి సినిమాగా మణిరత్నం 1998లో తీసిన 'దిల్ సే' ఎంచుకున్నారు. అవునండీ, బోర్డు జాబితాలో అదీ ఉంది. తెలుగులో 'ప్రేమతో' పేరుతో డబ్బింగ్ అయి వచ్చింది, మనలో చాలామంది చూసే ఉంటారు. మొదట్లోనే రాత్రిపూట, గాలీ వానా, ఖాళీ రైల్వే స్టేషన్, షారుఖ్ ఖాన్ సిగరెట్ వెలిగించుకోవడానికి నిప్పు అడుగుతూ శాలువా కప్పుకుని కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్తాడు, గాలికి శాలువా జారితే ఆమె మనీషా కొయిరాలా. ఆమె టీ అడుగుతుంది, అతను తెచ్చేసరికి రైలు కదిలిపోతుంది.

దీని మీద మా అమ్మాయి మొదట రాసింది ఇంచుమించు ఇలా ఉంది: "ఈ సీను చాలా అందంగా ఉంది, వాన వల్ల రొమాంటిక్ వాతావరణం వచ్చింది, దర్శకుడు ప్రేక్షకుణ్ణి కథలోకి లాక్కెళ్తాడు." టీచర్ దాని పక్కన ఎర్ర ఇంకుతో రాసింది ఒక్కటే ప్రశ్న, "ఎలా?"

మూడో ప్రయత్నంలో వచ్చింది ఇది, తెలుగులో నేను చెప్తున్నాను: "శాలువా జారేదాకా ఆమె మొహం మనకి చూపించరు, చీకట్లో ఒక ఆకారం మాత్రమే. ఆ తర్వాత కూడా మాటలన్నీ అతనివే. అతను ఆకాశవాణిలో పనిచేసేవాడు, అంటే ప్రభుత్వం గొంతు. ఆమె ఈశాన్య రాష్ట్రాల తిరుగుబాటు వైపు నుంచి వచ్చిన మనిషని తర్వాత తెలుస్తుంది. దేశానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా జనం ఏమనుకుంటున్నారో అడగడానికి వెళ్తున్న మనిషి, ఎదురుగా ఉన్న మనిషిని మాట్లాడనివ్వకుండా తనే మాట్లాడటం మొదటి సీనులోనే జరుగుతుంది."

ఇందులో ఒక్క పెద్ద మాట లేదు. కానీ శాలువా ఉంది, చీకటి ఉంది, ఎవరు మాట్లాడుతున్నారో ఉంది, అక్కణ్ణుంచి దేశం దాకా దారి వేసుకుంటూ వెళ్లింది. ప్రతి పేరాలో కంటికి కనిపించిందో చెవికి వినిపించిందో ఒకటి ఉండి తీరాలి, దాని మీద నిలబడే మిగతా మాట. నేను ఆ రెండేళ్లూ ఆమె వ్యాసాల్లో వెతికింది ఇదొక్కటే, నాకు సినిమా థియరీ ఏమీ రాకపోయినా.

ఇక్కడ మన పిల్లలకి ఒక ప్రమాదం కూడా ఉంది. మనకి తెలిసిన దేశం, తెలిసిన పాటలు, కాబట్టి సినిమా వదిలేసి ఈశాన్య రాష్ట్రాల చరిత్ర రెండు పేజీలు రాసేస్తారు. పాట గురించి అయితే మరీను, కదిలే రైలు మీద 'ఛైయ్య ఛైయ్య' పాట నీలగిరి రైల్లో తీశారని, పైన డాన్స్ చేసింది ఫలానా వాళ్లని. బయటి సమాచారం ఉప్పులాగా పడాలి. అదే సమయంలో, వాళ్ల క్లాసులో మిగతా పిల్లలకి హిందీ సినిమాలో మధ్యలో పాట ఎందుకొస్తుందో అర్థం కాక తల పట్టుకుంటే, మన పిల్లకి ఆ ప్రశ్నే రాలేదు. టీచర్ ఒకరోజు ఈమెనే లేపి చెప్పించారట. ఆ రోజు ఇంటికొచ్చినప్పుడు ఉన్న గర్వం మాథ్స్‌లో A స్టార్ వచ్చినప్పుడు కూడా లేదు.

పాత హాలీవుడ్, థియరీలు

పాత హాలీవుడ్ భాగంలో రెండు సినిమాలు పోల్చాలి, ఒకటి 1930 నుంచి 1960 మధ్యది, రెండోది 1961 నుంచి 1990 మధ్యది. పిల్లలు నలుపు తెలుపు అనగానే మొహం ముడుచుకుంటారు గానీ ఈ భాగం నేర్చుకుంటే మార్కులు తేలిక, ఎందుకంటే తేడాకి కారణాలు గట్టిగా ఉన్నాయి. అప్పట్లో పెద్ద స్టూడియోలే సినిమా తీసి, పంపిణీ చేసి, సొంత థియేటర్లలో ఆడించుకునేవి. 1948లో అమెరికా సుప్రీం కోర్టు ఆ పట్టు వదలమని తీర్పిచ్చింది. థియేటర్లు ఎవరి చేతిలో ఉన్నాయన్న గొడవ మన తెలుగువాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటాను. ఇంకోటి హేస్ కోడ్, తెర మీద ఏం చూపించొచ్చు ఏం చూపించకూడదు అనే నియమావళి, 1934 నుంచి గట్టిగా అమలైంది, 1968లో పోయి దాని స్థానంలో వయసు సర్టిఫికెట్లు వచ్చాయి. నేరం చేసినవాడికి శిక్ష పడాల్సిందే, మంచం మీద మొగుడూ పెళ్లాన్ని చూపించడానికి కూడా సవాలక్ష ఇబ్బందులు. అందుకని వాళ్లు చెప్పలేనిదాన్ని నీడలతో, సిగరెట్ పొగతో, సీను మధ్యలో చీకటి చేసేసి చెప్పారు. ఈ సంగతి తెలిసి ఆ సినిమా చూస్తే పిల్లలకి అది డిటెక్టివ్ పని అవుతుంది.

థియరీల పేర్లు చూసి బెంబేలెత్తిపోకండి. ఆటర్ థియరీ అంటే "ఇది ఫలానా డైరెక్టర్ మార్కు సినిమా" అని మన వీధి చివర కుర్రాళ్లు అనేదే, 1954లో ట్రూఫో అనే ఫ్రెంచ్ కుర్రాడు పత్రికలో రాసిన వ్యాసంతో ఊపందుకుంది. పరీక్షలో అడిగేది ఆ మార్కు తెర మీద ఎక్కడుందో చూపించమని, ఆ పని నిజంగా డైరెక్టర్‌దా కెమెరామన్‌దా స్టూడియోదా అని తగువు పెట్టుకోమని. స్పెక్టేటర్‌షిప్ , అంటే ప్రేక్షకుడు సినిమాని ఎలా తీసుకుంటాడన్న అంశం, దగ్గర స్టువర్ట్ హాల్ పేరొస్తుంది, జమైకా నుంచి బ్రిటన్ వచ్చి స్థిరపడిన పెద్దాయన. ఆయన 1970ల్లో చెప్పింది ఏంటంటే ఒకే దృశ్యాన్ని మనుషులు మూడు రకాలుగా తీసుకోవచ్చని: తీసినవాళ్లు అనుకున్నట్టే, కొంత ఒప్పుకుని కొంత తోసేసి, లేదా పూర్తిగా ఎదురు తిరిగి. మా అమ్మాయికి ఇది వంటబట్టలేదు. మావారే చెప్పారు, హీరో అమ్మాయి వెంటపడి ఏడిపించే సీనుకి హాల్లో ముందు వరసలో ఈల వేసేవాడొకడు, "సినిమాలే" అని నవ్వేసి పాప్‌కార్న్ తినేవాడొకడు, అక్కణ్ణుంచి లేచి బయటికెళ్లిపోయే ఆడపిల్ల ఒకతి, ముగ్గురూ చూసింది ఒకే సీను అని. క్లాసులెగ్గొట్టి చూసిన సినిమాలు ఆ రోజు ఆయనకి అక్కరకొచ్చాయి.

మూకీ సినిమా, ప్రయోగాత్మక సినిమా గురించి ఎక్కువ చెప్పను. రెంటికీ ఒకటే సలహా, మొదటిసారి అర్థం కాకపోతే అదేం లోపం కాదు, ఆ అర్థం కాకపోవడం గురించే ప్రశ్న వస్తుంది. మూకీ భాగంలో కొన్ని కాలేజీలు బస్టర్ కీటన్ చిన్న సినిమాలు పెట్టుకుంటాయి. అవొస్తే అదృష్టం, ఇంటిల్లిపాదీ చూడొచ్చు, మా అత్తగారికి సబ్‌టైటిల్స్ బెడద కూడా లేకపోయింది.

సొంతంగా చేసేది

ఇది 30 శాతమే. ఈ అంకె ఫ్రిజ్ మీద అంటించండి. పిల్లలు మొత్తం టైమంతా దీని మీదే పోస్తారు, ఎందుకంటే ఇదే సరదా, రెండు పరీక్షలకి ఉన్న 70 శాతం ఏప్రిల్లో గుర్తొస్తుంది.

బోర్డు ఇచ్చిన అంశాల్లోంచి ఒకటి తీసుకుని, నాలుగు నుంచి ఐదు నిమిషాల షార్ట్ ఫిలిం చెయ్యాలి. లేదా 1600 నుంచి 1800 పదాల స్క్రీన్‌ప్లే రాసి, అందులో ఒక ముఖ్యమైన ఘట్టానికి ఫొటోలతో స్టోరీబోర్డు చెయ్యాలి. ఏది చేసినా, దాంతోపాటు 1600 నుంచి 1800 పదాల విశ్లేషణ, తాము చదివిన షార్ట్ ఫిలింలతో పోల్చుకుంటూ, ఇవ్వాలి. ఈ విశ్లేషణని చివరి వారం రాత్రుళ్లు రాసే పిల్లలే ఎక్కువ. షూటింగ్ చేస్తున్నప్పుడే ఏ రోజు ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో ఫోన్లో వాయిస్ నోట్ పెట్టుకుంటే అది సగం తయారైపోతుంది.

ఏది ఎంచుకోవాలంటే, నలుగురిని పోగేసి పని చేయించుకోగలిగే పిల్లలైతే ఫిలిం, మాటలు బాగా వచ్చి మనుషులతో మొహమాటపడేవాళ్లయితే స్క్రీన్‌ప్లే. స్క్రీన్‌ప్లే తేలిక అనుకోకండి. "ఆమె బాధపడుతోంది" అని రాస్తే కుదరదు, బాధ కెమెరాకి ఎలా కనిపిస్తుందో రాయాలి.

మా అమ్మాయి ఫిలిమే తీసింది. ఒకే గది, ఒక తల్లి, ఒక కూతురు, తల్లి నేనే. నటించడానికి, లైటు పట్టుకోవడానికి ఎవరైనా సాయం చెయ్యొచ్చు, కానీ మార్కులు పడే పని, అంటే డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్ పిల్లలే చెయ్యాలి. హైదరాబాద్‌లో ఎడిటింగ్ చేసే వాళ్ల బావ ఒకతను "పంపించు, నేను చక్కగా కట్ చేసి పంపిస్తా" అన్నాడు. పంపించనివ్వలేదు. అది కాపీ కొట్టడం కిందికే వస్తుంది, తేలితే మొత్తానికే ఎసరు.

కెమెరా ఫోన్ చాలు. ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది, ల్యాప్‌టాప్ కాస్త బలమైనదైతే చాలు. డబ్బు పెట్టాలనుకుంటే ఒక చిన్న మైక్ కొనండి. బొమ్మ కాస్త మసకగా ఉంటే అదేదో స్టైల్ అనుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం క్షమించరు. మా వంటింటి సీను మొదటిసారి తీసినప్పుడు అంతా బాగుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే వెనకాల ఫ్రిజ్ రొద గుయ్యిమని. రెండోసారి ఫ్రిజ్ ప్లగ్ పీకేసి తీశాం, సౌండు అద్భుతంగా వచ్చింది. ప్లగ్ మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తు లేదు. పొద్దున లేచేసరికి దోసెల పిండి పొంగి ఫ్రిజ్ అరలన్నీ పారింది. ప్లగ్ పీకినవాళ్లు తమ కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, అప్పుడు ఇల్లు దాటే ముందు గుర్తొస్తుంది, ఈ చిట్కా తర్వాత ఎవరో చెప్పారు.

ఇంకోటి వెలుతురు. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగు కాకుండానే చీకటి. స్కూలు నుంచి వచ్చాక తీద్దామంటే ఒక షాటులో కిటికీ తెల్లగా, తర్వాతి షాటులో నల్లగా, మాట మాత్రం అదే మాట. అక్టోబర్ సెలవుల్లోనే షూటింగ్ ముగించేలా చూసుకోండి, లేదా కథనే రాత్రి కథ చేసెయ్యండి. ముడి ఫుటేజ్ రెండు చోట్ల దాచడం ఎవరికైనా తెలిసిందే, అయినా ఎవరూ చెయ్యరు.

పరీక్ష, ఆ తర్వాత

పరీక్ష హాల్లో సినిమా చూపించరు, పుస్తకాలుండవు. ఉన్నదంతా తలలోంచి రావాలి. 11 సినిమాలకి ఒక్కోదానికి మూడు సీన్లు చొప్పున ముప్ఫైమూడు, ఆ ఐదు గళ్ల నోట్సులోంచి ఒక్కో సీనుకి ఒక అట్టముక్క. మా ఇంట్లో మార్చి నుంచి మే దాకా ఆ అట్టముక్కలు బాత్రూమ్ అద్దానికి, మెట్లకి, మైక్రోవేవ్‌కి అంటుకుని ఉన్నాయి. రెండున్నర గంటలు చేత్తో రాయడం కూడా అలవాటు తప్పిన పని, వారానికొకసారి గడియారం పెట్టుకుని రాయించండి.

లండన్ దగ్గర్లో ఉంటే సౌత్‌బ్యాంక్‌లో బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ ఉంది, ప్రవేశం ఉచితం, సినిమా మీద పుస్తకాలూ పాత పత్రికలూ కూర్చుని చదువుకోవచ్చు. 16 నుంచి 25 ఏళ్లవాళ్లకి అక్కడ సినిమా టికెట్లు కూడా బాగా చవక. జాబితాలోని పాత సినిమా ఏదైనా పెద్ద తెర మీద వేస్తుంటే పంపించండి, ల్యాప్‌టాప్‌లో కనపడనివి కనపడతాయి.

"రేపు యూనివర్సిటీవాళ్లు చిన్నచూపు చూస్తారేమో" అనేది అందరూ అడిగేదే. కోర్సుని బట్టి. మెడిసిన్‌కి కెమిస్ట్రీ, ఇంజనీరింగ్‌కి మాథ్స్, ఫిజిక్స్ ముందు సర్దుకోవాలి, వాటి మధ్య ఫిలింకి చోటుంటే పెట్టుకోవచ్చు. మాథ్స్ లేకుండా ఎకనామిక్స్‌కి పెద్ద యూనివర్సిటీలు చాలావరకు తీసుకోవు, ఫిలిం ఉన్నందుకు మాత్రం మా అమ్మాయిని ఎవరూ కాదనలేదు. రస్సెల్ గ్రూప్ (ఇక్కడి పేరున్న యూనివర్సిటీల సంఘం) వాళ్లు ఫలానా సబ్జెక్టులే మంచివని పెట్టిన పాత జాబితా ఒకటుండేది, దాన్ని 2019లో వాళ్లే తీసేశారు, అయినా మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. మీకు కావాల్సిన కోర్సు పేజీ తెరిచి ఏం అడిగారో చదవండి, నన్నడగొద్దు. ఇక సినిమానే వృత్తిగా అనుకునే పిల్లలుంటే, దీనితోనే ఏదో అయిపోదు. పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో డైరెక్షన్, సినిమాటోగ్రఫీ లాంటివాటికి డిగ్రీ అయ్యాకే చేర్చుకుంటారు, ఇక్కడ బీకన్స్‌ఫీల్డ్ ఫిలిం స్కూల్లో కూడా ఎక్కువ కోర్సులు మాస్టర్స్‌వే.

మా అమ్మాయి ఇప్పుడు ఎకనామిక్స్ చదువుతోంది. ఆ గళ్ల నోట్‌బుక్కులు రెండూ మా వెనక వీధి అబ్బాయికి ఇచ్చాను, గుంటూరు నుంచి పోయినేడాదే వచ్చారు వాళ్లు. వాడి టీచర్ వేరే సినిమాలు ఎంచుకున్నారు, పదకొండింటిలో కలిసినవి రెండే. మిగతా పేజీల్లో గళ్లు మాత్రం వాడుకుంటున్నాడట, మా అమ్మాయి రాసినదాని మీద తెల్ల కాగితం అంటించి.